కొత్త తాళం పట్టని కుట్టుమిషను

ఇంటర్నెట్ సంస్థ ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,

నేను ఎవరి తరఫున ఈ మనవి రాస్తున్నానో, మా మేడ మూడో అంతస్తులో ఉండే ఆమెను అందరూ పేర్లత్త అని పిలుస్తారు. వయసు యాభై ఎనిమిది. ఇరవై రెండేళ్లుగా ఎరుగుదును. నేనుండేది సరిగ్గా ఆమె కింది వాటాలో కనుక, ఆమె మిషను చప్పుడు కూడా నాకు అంతే పరిచయం. ఆసుపత్రి కోట్ల మీద, కార్మికుల చొక్కా జేబుల మీద వారి వారి పేర్లు దారంతో కుట్టి ఇవ్వడం ఆమె వృత్తి. మంచం పట్టిన అక్కను ఈ పని మీదనే సాకుతున్నది.

కంప్యూటరులో పేరు టైపు చేస్తే, అది ఇంటర్నెట్‌లో మిషను కంపెనీ దాకా వెళ్లి వచ్చి, వైఫై ద్వారా మిషనుకు చేరి, సూది తనంతట తానే కుట్టుకుపోతుంది. మిషను పాతది, దానికి తగిలించిన వైఫై డబ్బా అంతకన్నా పాతది. గత మాసం తమ సంస్థ ఆమె ఇంటి రౌటరును మార్చి, కొత్త రకం భద్రత గలదానిని అమర్చింది. ఫోను కలిసింది, కంప్యూటరు కలిసింది, మిషను మాత్రం కలవలేదు. పేటలో నెట్ పనులు చూసే మెకానిక్‌ను ఆమె పిలిపించింది.

“దీనికి కొత్త తాళం తెలీదత్తా. పాత రకం తాళం పెడదామంటే ఈ రౌటరు ఒప్పుకోవట్లేదు.”

“ఎల్లుండికి నూట ఎనభై ఆసుపత్రి కోట్లు కుట్టి ఇవ్వాలయ్యా. ఏదో ఒకటి చూడు.”

“పాస్‌వర్డే తీసేస్తే కలుస్తుంది. ఆర్డరు అవగానే ఫోన్ చెయ్యి, మళ్లీ పెట్టేస్తా.”

“అంటే తలుపులు బార్లా తీసి కూర్చోమంటావు.”

“నీ ఇంట్లో ఎత్తుకుపోయేందుకు ఏముందత్తా, సూదులా?”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఆర్డరు ముగియకముందే మరొకటి వచ్చింది. ఆమె ఫోన్ చేయలేదు. పదకొండు రోజులు ఆ వైఫై తాళం లేకుండా ఉండిపోయింది. ఆ రోజులలో ఎవరో దానికి కలిసి, ఒక మహిళా అధికారికి బెదిరింపు మెయిళ్లు పంపారు. తమ సంస్థ కనెక్షను నిలిపివేసి నోటీసు ఇచ్చింది: వాడినది ఎవరో ఆధారంతో చూపవలెను, లేదా ఆ మెయిళ్లకు బాధ్యత తనదేనని సంతకం చేయవలెను; రెంటిలో ఒకటి జరిగాకనే కనెక్షను తిరిగి ఇవ్వబడును.

నోటీసు పట్టుకుని ఆమె మా ఇంటికి వచ్చింది. “అన్నయ్యగారూ, ఈ జన్మలో నన్ను దబాయించినవాళ్లే గానీ నేను బెదిరించినవాళ్లు లేరు. ఏం చెయ్యమంటారు?”

నేను ముప్పై నాలుగేళ్లు ఒక కార్యాలయంలో పై అధికారుల ఉత్తరాలకు సాపు ప్రతులు రాసినవాడిని. తనిఖీకి ముందే లోపం సరిచేసి, సరిచేసినట్లు కాగితం పెట్టుకోవడం మా పద్ధతి. “ముందు తాళం వేయించమ్మా. సరిదిద్దుకున్నామని చూపిస్తే సగం కోపం అక్కడే తగ్గుతుంది” అన్నాను.

రౌటరు సెట్టింగులలోకి వెళ్లే పాస్‌వర్డు ఎవరికీ గుర్తు లేదు. మెకానిక్ రౌటరు వెనుక రంధ్రంలో గుండుసూది గుచ్చి, అంతా చెరిగిపోయేదాకా నొక్కిపట్టి, పొడుగాటి కొత్త పాస్‌వర్డు పెట్టాడు. మిషను దానికి కలవదని తెలిసినా సరేననుకున్నాము. రౌటరు చెరిపి తాళం వేయించిన సంగతి నేను గుండ్రని అక్షరాలతో రాసి ఇచ్చాను. మరునాడు ఇద్దరం తమ కౌంటరుకు వచ్చాము.

“రౌటరులో ఎవరెవరు కలిశారో జాబితా ఉంటుంది పెద్దమ్మా. తెచ్చారా?” అని అక్కడ కూర్చున్న అమ్మాయి అడిగింది.

పేర్లత్త నా కాగితం అందించింది. ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది.

“నోటీసు వచ్చాక రీసెట్ చేయించారా? అంటే ఆధారం చెరిపేశారు.”

“చెరపడమేంటమ్మా, శుభ్రం చేసుకున్నాం. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే ఊడ్చుకోమూ?”

“ఆ ఊడ్చేసిన చెత్తే మాకు కావాలి పెద్దమ్మా.”

నా కాగితమే ఆమె మీద సాక్ష్యమై ఫైలులో చేరింది. తిరిగి మెట్లు దిగుతూ ఆమె, “సంతకం పెట్టేస్తానన్నయ్యగారూ. ఆసుపత్రివాళ్లు గురువారం దాకానే ఆగుతామన్నారు” అన్నది.

“పెడితే నువ్వే పంపినట్టు. అలాంటి మనిషికి ఏ ఆసుపత్రి కోట్లిస్తుందమ్మా?”

“పెట్టకపోతే?”

రోజుకు అరవై కోట్ల మీద పేర్లు కుట్టే మనిషి ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని చేత్తో ఆరింటి మీద కుడుతున్నది. అక్క మంచం మీది నుంచి, “మిషను ఆగిపోయిందేమే?” అని గంటకోసారి అడుగుతున్నది.

కావున తమకు సవినయంగా మనవి చేయునది: రౌటరులోని జాబితా చెరిగిపోవుటకు కారణం ఆమె దాపరికం కాదు, నా సలహా. ఆ తప్పును నా పేరిట నమోదు చేయించగలరు. చేయని పనికి ఆమె చేత సంతకం కోరవద్దని, తమ సంస్థ వద్దనున్న రికార్డులనైనా పరిశీలించవలసినదని ప్రార్థన. ఆమె మిషనుకు మాత్రమే, పాత రకం తాళంతో వేరొక వైఫై ఏర్పరచడం తమ పై సాంకేతికులకు సాధ్యమని మెకానిక్ చెబుతున్నాడు. ఆ ఏర్పాటు చేయించి, గురువారం లోపల కనెక్షను పునరుద్ధరింపజేయవలసినదిగా కోరుతున్నాను.