కాకెంగిలి

తొంభైలలో నేను బహ్రెయిన్‌లో, బుసైతీన్‌లోని ఓ అరబ్బుల ఇంట్లో డ్రైవరుగా పనిచేశాను. ఒక శుక్రవారం ఆ ఇంటివాళ్లను అవాలి అనే ఊరు దాటాక ఎడారిలో ఉన్న వాళ్ల బంధువుల తోటకు తీసుకెళ్లాను. అక్కడ కంచె లోపల జింకలున్నాయి. వాటికి మేత వేస్తున్న మల్లయ్యది జగిత్యాల పక్క పల్లె. ఒక్కో జింకకూ వేరే గిన్నె పెట్టి, అది తినగానే మిగిలింది ఎత్తేస్తున్నాడు.

“అన్నీ ఒకే తొట్టిలో తినవా అన్నా?” అనడిగాను.

“తినొద్దట తమ్మీ. అమెరికల జింకలకు ఏదో రోగమున్నదట. బక్కచిక్కి సస్తయట. ఒకదాని చొంగ, ఉచ్చ మేతల వడ్డా, మట్టిల వడ్డా ఇంకోదానికి అంటుతదట. ఏండ్లయినా ఆ మట్టిలకెల్లి పోదట. ఈడికి రాలే గని, మా కఫీల్‌కు, గీ తోట అరబ్బుకు, భయం. చేతులు తిప్పుకుంట గంటసేపు చెప్పిండు. నాకైతే ఒక్క మాటల సమజైంది, ఎంగిలి!”

ఇద్దరం నవ్వుకున్నాం. నా దగ్గర ఒకటే జామకాయ ఉంది, చాకు లేదు. గుడ్డ అడ్డముంటే ఎంగిలి కాదు కదా అని, చిన్నప్పటిలా చొక్కా అంచు కప్పి కాకెంగిలి చేసి సగం అతనికిచ్చాను.

మల్లయ్య తినలేదు. అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

“నా బిడ్డ గుడ్డ గిడ్డ ఏం వెట్టకపోతుండె తమ్మీ. సగం కొరికి, ‘తియ్యగున్నది బాపూ’ అని నా నోట్ల వెడుతుండె. ఈడ ఎవల కంచం వాళ్లదే. ఒకల ఎంగిలి తినక ఎన్నేండ్లాయెనో.”

నా చేతిలో మిగిలిన ముక్కను చొక్కా అడ్డం పెట్టకుండానే కొరికి అతనికిచ్చాను. మల్లయ్య కళ్లు మూసుకుని నమిలాడు.