ఈగలక్క

ప్రయోగశాలలో అందరూ ఆమెను ఈగలక్క అనే పిలుస్తారు. దూది బిరడా పెట్టిన గాజు గొట్టాల్లో పళ్ల ఈగలను పెంచడం, మగ ఈగ వీర్యకణాలను పరిశీలించడం ఆమె పని. మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఊపిరి బిగబట్టి, సన్నటి సూదితో ఒక్కో కణాన్నీ చుట్ట విప్పుతుంది. నువ్వుగింజంత ఈగలో దాని ఒంటికన్నా ఎన్నో రెట్లు పొడవైన దారం అది. తెగితే నాలుక కరుచుకుని, "క్షమించు నాయనా" అని ఇంకోటి అందుకుంటుంది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. ఆమెకు మళ్లీ కడుపు పోయి నెలైనా కాలేదు. అక్క ఆమెను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది.

"ఇంత పొడుగెందుకక్కా?"

"వీటిని దాచుకునే గొట్టం ఆడ ఈగ ఒంట్లో తరతరానికీ పొడుగవుతూ వచ్చింది. దానికి తగ్గట్టే ఇవీ సాగాయి. ఏ మగ ఈగ కణం నిలవాలో చాలావరకు ఆడదాని ఒళ్లే తేలుస్తుంది."

చెల్లెలు తల ఎత్తలేదు. "మా అత్తయ్యా అదే అంటున్నారు. నా ఒళ్లే నిలవనివ్వడం లేదట."

ఇన్నేళ్లూ అక్క సభల్లో గర్వంగా చెప్పిన మాట అది. కుర్చీ చెల్లెలి దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నేను చెప్పింది ఈగల సంగతే. నీకెందుకిలా అవుతోందో నాకు తెలీదు. మీ అత్తయ్యకీ తెలీదు."

"ఇంత చదివీ తెలీదా?"

"తెలీదమ్మా."

ఆస్పత్రిలో కూడా ఏడవని చెల్లెలు అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి ముఖం తుడుచుకుని, "ఆ మాట మా ఇంటికొచ్చి చెప్తావా?" అంది.

అక్క మైక్రోస్కోపు దీపం ఆర్పి, చెప్పులేసుకుంది.