ఆ మాట అమ్మాయిది

నా చిన్నప్పుడు ఎవరైనా నా పేరడిగితే మా అమ్మ చెప్పేది. నాకు మాట రాక కాదు. మాట లోపల సిద్ధంగానే ఉండేది, నాలుక దాకా వచ్చేది, అక్కడ ఇరుక్కుపోయేది. 'ప'తో మొదలయ్యే మాటలైతే మరీను. పెదవులు రెండూ అతుక్కుపోయి, మెడ నరాలు బిగుసుకుని, కళ్ళు వాటంతటవే మూతలు పడేవి. అవతలివాళ్ళు జాలిపడి మాట అందించేవాళ్ళు. వాళ్ళు అందించే మాట చాలాసార్లు నేను చెప్పాలనుకున్నది కాదు. అయినా ఆ బాధ తప్పితే చాలని తల ఊపేసేదాన్ని. సాయంత్రం బండి దగ్గర పునుగులు అడగలేక, బండివాడు అందించిన బజ్జీలకు తల ఊపి, ఎన్ని బజ్జీలు తిన్నానో లెక్కలేదు.

అమ్మ చేయని ప్రయత్నం లేదు. వసకొమ్ము అరగదీసి తేనెతో నాలుక మీద రాసింది. దుర్గమ్మ కొండ ఎక్కించింది. ఎవరో చెప్పారని గుణదల మేరీమాత కొండ కూడా ఎక్కించింది. రెండు చోట్లా నేను చాలా వివరంగా మొక్కుకున్నాను. మనసులో మాట్లాడుకునేటప్పుడు నత్తి ఉండదు కదా.

బడిలో మా తెలుగు టీచరు చాలా మంచావిడ. పాఠాన్ని వరసగా అందరిచేతా పైకి చదివించేవారు. నా వంతు వచ్చేసరికి మాత్రం "నువ్వు కూర్చోమ్మా" అని మెత్తగా అనేసి, నా వెనకమ్మాయిని లేపేవారు. నేను పిల్లల ముందు చిన్నబోకూడదని ఆవిడ ఉద్దేశం. కానీ చదవడమంటే నాకు ప్రాణం. పొట్లం కట్టిన కాగితం ముక్క కూడా వదిలేదాన్ని కాదు. ముందురోజు రాత్రే నా వంతుకి వచ్చే పేరా ఏదో లెక్కేసుకుని, దాన్ని కంటితో పదేపదే చదువుకుని వెళ్ళేదాన్ని. తీరా అక్కడ "కూర్చోమ్మా" అనిపించుకుని కూర్చునేదాన్ని. ఎవరైనా వెక్కిరిస్తే కోపం తెచ్చుకోవచ్చు. దయ చూపినవాళ్ళ మీద కోపం ఎలా తెచ్చుకోవాలో నాకు తెలిసేది కాదు.

మా నాన్నకి ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉండేది. లారీ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆయన పెద్దగా చదువుకోలేదు, పేపరు మాత్రం కూడబలుక్కుని చదివేవాడు. నా నత్తి గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. నేను మాట దగ్గర ఆగిపోతే ఆయన మొహం పక్కకి తిప్పుకునేవాడు. నాన్నకి నేనంటే నామోషీ అనుకునేదాన్ని. నేను పడే అవస్థ చూడలేక అలా తిప్పుకునేవాడని చాలా కాలానికి గానీ తెలియలేదు.

ఇక్కడి నుంచి కొంత భాగం నేను చూసింది కాదు. నాన్న తర్వాత ఎన్నోసార్లు చెప్పగా విన్నది. ఊళ్ళో ఒక కాలేజీ బస్సు మొరాయిస్తే నాన్నని పిలిపించారు. బస్సు నిలిపిన చోటికి ఎదురుగానే ఆ కాలేజీ లైబ్రరీ. మధ్యాహ్నం మంచినీళ్ళ కోసం లైబ్రరీ వరండాలోకి వెళ్ళిన నాన్నకి తలుపు పక్కన ఒక బోర్డు కనిపించింది. 'మీరు తెలుసుకోవాలనుకున్న సంగతి ఏదైనా సరే అడగండి. పుస్తకాలు వెతికి చెబుతాం. కాలేజీవాళ్ళే కానక్కర్లేదు.' నాన్న దాన్ని నిదానంగా, రెండుసార్లు చదువుకున్నాడట. చేతులకి గ్రీజు, చొక్కా నిండా ఆయిలు మరకలు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

లోపల బల్ల దగ్గర కూర్చున్న లైబ్రరీ మేడమ్ తలెత్తి చూశారు. "ఏం కావాలండీ? లోపలికి రండి."

"నేను బస్సు బాగుచేయడానికి వచ్చానండీ. ఆ బోర్డు చూసి... చదువుకున్నోళ్ళే అడగాలా అండీ?"

"అడగడానికి చదువెందుకండీ? వెతికేది నేను కదా," అన్నారట ఆవిడ.

అప్పుడు నాన్న, తన ఇంట్లో కూడా ఎన్నడూ ఎత్తని సంగతి, మొహం కూడా తెలియని ఒక మనిషి ముందు ఎత్తాడు. "మా అమ్మాయికి నత్తండీ. దానికేమన్నా దారి ఉందని ఏ పుస్తకంలోనన్నా రాశారేమో చూసి పెడతారా?"

ఆవిడ 'అయ్యో పాపం' అనలేదు. కాగితం తీసుకుని ప్రశ్న రాసుకున్నారు. నాన్నని ఎదురు ప్రశ్నలు వేశారు. ఎప్పుడు ఎక్కువగా వస్తుంది, ఎప్పుడు రాదు? పాట పాడితే వస్తుందా? ఒక్కతే ఉన్నప్పుడు పైకి చదువుకుంటుందా? ఇవేవీ తనెప్పుడూ గమనించలేదని నాన్న ఒప్పుకున్నాడు. "కనుక్కుని వచ్చి చెప్పండి మేస్త్రీ గారూ. ఈలోగా నేను నా పని మొదలుపెడతాను," అన్నారావిడ.

ఆ వారమంతా నాన్న నన్ను గమనించడం నాకు గుర్తుంది. భజనకి వెంట వచ్చాడు. వాకిట్లో పిల్లలతో ఆడుకుంటుంటే అరుగు మీద కూర్చుని విన్నాడు. మొహం పక్కకి తిప్పుకోకుండా నా వైపే చూస్తున్నాడు. నాకు వింతగా, కొంచెం భయంగా కూడా ఉండేది. చివరికి వెళ్ళి ఆవిడకి చెప్పాడట. అందరితో కలిసి పాడేటప్పుడు ఒక్క మాట దగ్గరైనా ఆగడం లేదండీ, పక్కింటి పిల్లలతో కలిసి ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు కూడా అంతేనండీ అని.

ఆవిడ కూడా ఊరికే కూర్చోలేదు. బీరువాల్లోని పాత పత్రికలన్నీ తిరగేశారు. తమ దగ్గర లేని పుస్తకాలని వేరే కాలేజీల నుంచి తెప్పించి చదివారు. కొన్నాళ్ళకి నాన్నని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పారు. "నత్తి పోయే మందు ఉందని ఎక్కడా దొరకలేదండీ. దొరికిందని మీకు అబద్ధం చెప్పలేను. కానీ ఒక సంగతి దొరికింది. ఇద్దరు గొంతు కలిపి ఒకేసారి చదివితే, నత్తి ఉన్నవాళ్ళకి మాట సులువుగా వస్తుందట. మీరు చెప్పిందీ దానికి సరిపోయింది. అమ్మాయిని పంపండి, ఇద్దరం కలిసి చదివి చూస్తాం."

"మీకెందుకండీ అంత శ్రమ?"

"ప్రశ్న తీసుకున్నాక మధ్యలో వదిలేస్తే ఎట్లాగండీ?"

అలా నేను ఆరో తరగతిలోనే కాలేజీ లైబ్రరీలో అడుగుపెట్టాను. ఎత్తయిన ఇనుప బీరువాలు, పాత కాగితం వాసన, కిటికీలోంచి కనిపించే ఏలూరు కాలవ. మేడమ్ ఎదురుగా కూర్చోకుండా నా పక్కనే కుర్చీ వేసుకున్నారు. పేరడగలేదు. పుస్తకం ఇద్దరి మధ్యా తెరిచి పెట్టి, "నాతో పాటు రా. నేను ముందు పోను, నువ్వు వెనకబడకు," అన్నారు. వరదల్లో చిక్కుకున్న లంక ఊరి కోసం ఒక పిల్ల ఒంటరిగా నది దాటిన కథ అది. ఆవిడ గొంతు మొదలైంది. నా గొంతు దాన్ని పట్టుకుంది. ఒక వాక్యం, మరో వాక్యం, పేజీ. 'ప' వచ్చింది, పోయింది. నా నోట్లోంచి మాటలు కాలవలో నీళ్ళలా పోతుంటే ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వేసింది. ఇంటికొచ్చి ఆ సాయంత్రం అమ్మని కౌగలించుకుని ఊరికే నవ్వాను. ఎందుకో చెప్పాలంటే మళ్ళీ నత్తి వస్తుందని చెప్పలేదు.

బడి అయ్యాక రోజూ వెళ్ళేదాన్ని. ఒకనాడు కథ రసపట్టులో ఉండగా పేజీ తిప్పుతూ ఎందుకో పక్కకి చూశాను. మేడమ్ పెదవులు కదలడం లేదు. వేలు మాత్రం అక్షరాల కింద నడుస్తోంది. నేను ఠక్కున ఆగిపోయాను. "మీరు చ-చ-చదవడం లేదు!"

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. "మొన్నటి నుంచీ ఇంతే కదమ్మా. పేజీ మొదట్లో ఉంటాను, తర్వాత మెల్లగా తప్పుకుంటాను. నువ్వు చూసుకోలేదు."

మోసపోయినందుకు ఏడవాలో, సంతోషించాలో తెలియలేదు. రెండూ చేశాను.

ఆ లైబ్రరీలో నెలకొక శనివారం సాయంత్రం ఊళ్ళోవాళ్ళ కోసం చదువుల సభ పెట్టేవారు. కాలేజీ లెక్చరర్లు, రైల్వే ఉద్యోగులు, వన్ టౌన్ బట్టల కొట్ల గుమస్తాలు, చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చేవారు. ఒకరు లేచి తమకి నచ్చింది పైకి చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. అంతే సభ. ఈసారి చదువుతావా అని మేడమ్ నన్నడిగారు. ఇంట్లో చెబితే అమ్మ భగ్గుమంది. "నలుగురిలో నిలబెట్టి దాన్ని నవ్వులపాలు చేస్తారా? ఇన్నాళ్ళూ పడింది చాలదా?" నాన్న మాత్రం, "దాన్నే అడుగుదాం," అన్నాడు. చదువుతాననే ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. నాన్న చివరిదాకా నా మొహంలోకి చూస్తూ విన్నాడు.

ముందే మేడమ్‌తో ఒప్పందం కుదిరింది. మొదటిరోజు చదివిన ఆ వరద కథే చదవాలి. మొదటి పేరా ఇద్దరం కలిసి చదువుతాం, తర్వాత ఆవిడ ఆగిపోతారు. నాకు కష్టమైతే నేను ఆవిడ చెయ్యి తట్టాలి. వెంటనే గొంతు కలుపుతారు.

ఆ రోజు కుర్చీలన్నీ నిండాయి. అమ్మ చివరి వరసలో నోటికి పమిట చెంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. నాన్న కిరసనాయిలుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, తెల్లచొక్కా వేసుకుని, తలుపు పక్కన నిలబడ్డాడు. మొదటి పేరా సాఫీగా గడిచింది. మేడమ్ గొంతు తగ్గింది, పోయింది. నేనొక్కదాన్నే మిగిలాను. చదువుతూనే పోయాను. కథలో ఆ పిల్ల పొంగే నది ముందుకొచ్చింది. వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టి ఎక్కాలి. పుట్టి. ఆ 'పు' దగ్గర నా పెదవులు అతుక్కుపోయాయి.

కళ్ళు మూతలు పడుతున్నాయి. మేడమ్ చెయ్యి బల్ల మీద నా చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. ముందు వరసలోని ఒక పెద్దాయన ఉండబట్టలేక, ఎంతో ఆప్యాయంగా అందించారు. "పడవామ్మా? పడవ?"

"ఒక్క క్షణం ఆగండి," అన్నారు మేడమ్. గొంతులో విసుగు లేదు, తొందర లేదు. "ఆ మాట అమ్మాయిది. తనే చెబుతుంది."

నన్ను దాటి వెనకమ్మాయి దగ్గరికి వెళ్ళిపోకుండా, ఒక గది నిండా ఉన్న మనుషులు నా కోసం ఆగడం అదే మొదటిసారి. వాళ్ళకేం తొందర ఉన్నట్టు కనిపించలేదు. బల్ల మీది చెయ్యి నేను తట్టలేదు. ఊపిరి వదిలాను. మళ్ళీ తీసుకున్నాను. "పు... పుట్టి ఎక్కింది," అన్నాను. ఆ పెద్దాయన గుండెల మీద చెయ్యి వేసుకుని, తప్పయిపోయిందన్నట్టు నవ్వుతూ తల ఊపారు. తర్వాత ఇంకో రెండు మూడు చోట్ల ఆగిపోయాను. ఎవరూ మాట అందించలేదు. కథ పూర్తిచేశాను.

లైబ్రరీలో చప్పుడు చేయొచ్చో లేదో నాన్నకి తెలియదు. చేతులు రెండూ పైకెత్తి పట్టుకుని మేడమ్ వైపు చూశాడు. ఆవిడ చప్పట్లు మొదలుపెట్టాకే ఆయన కొట్టాడు. ఇక ఆపలేదు. అమ్మ లేచి వచ్చి, అంతమందిలో, నా నుదుటి మీద చెమట తన చెంగుతో తుడిచింది.

మర్నాడు ఆటోనగర్‌లో నాన్న కనిపించినవాళ్ళందరికీ "మా అమ్మాయి కాలేజీలో చదివింది" అని చెప్పాడట. ఆరో తరగతి పిల్ల కాలేజీలో చదవడమేంటి మేస్త్రీ అని వాళ్ళు నవ్వితే, పని ఆపి మరీ జరిగిందంతా వివరించాడట. అంతటితో ఊరుకోలేదు. అడిగితే వెతికి చెప్పే చోటు ఒకటుందని అక్కడివాళ్ళకి నూరిపోశాడు. బ్యాటరీ యాసిడ్‌కి చేతులు పొక్కుతున్నాయని ఒకరు, కొత్తరకం డీజిల్ పంపు గురించి ఒకరు, తన బిడ్డకి పెట్టిన పేరుకి అర్థమేమిటని ఒకరు, గ్రీజు చేతులతోనే ఆ గుమ్మం ఎక్కారు. దానికంతటికీ మొదట ఎక్కింది మా నాన్న. ఆ సంగతి చెబుతూ నేనిప్పటికీ మధ్యలో ఆగిపోతాను. అది నత్తి వల్ల కాదు.

నత్తి పోలేదు. మేడమ్ అబద్ధం చెప్పలేదు కదా. దానితోనే డిగ్రీ చదివాను, దానితోనే తెలుగు టీచరునయ్యాను, రిటైరయ్యే దాకా దానితోనే పాఠాలు చెప్పాను. నా క్లాసులో చదవలేకపోయిన పిల్లనెవరినీ కూర్చోమని అనలేదు. ఎవరి నోట్లోని మాటనీ నేను పూర్తిచేయలేదు. మా పిల్లలకి ముందు అలవాటైంది చదవడం కాదు, ఆగి వినడం. ఇన్స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు ఆ నిశ్శబ్దం చూసి పాఠం ఆగిపోయిందేమో అనుకునేవారు. ఆ క్లాసులంటే నాకు గర్వం.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆ లైబ్రరీ ఉంది. కంప్యూటర్లు వచ్చాయి, ప్రశ్నలు ఫోన్లో కూడా పంపుతున్నారు, చదువుల సభ మాత్రం కుర్చీల్లో కూర్చునే జరుగుతోంది. చదవడానికి బెరుకుపడేవాళ్ళ పక్కన నేను కూర్చుంటాను. పోయిన నెల అవనిగడ్డ వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక డిగ్రీ అమ్మాయి ఒక మాట దగ్గర ఆగిపోయింది. ముందు వరసలో ఒకరు నోరు తెరవబోయారు. నేను చెయ్యి కొంచెం ఎత్తాను. ఆయన ఊరుకున్నారు. అందరం ఆగాం. ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. ఆ అమ్మాయి మాట తెచ్చుకుంది. నా వైపైనా చూడకుండా తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయింది.