ఓతిలియక్క ఎడమకాలు

మా కొండ మీద టాక్సీ తోలినవాళ్లలో ఓతిలియక్క అంత మెత్తగా క్లచ్ వదిలే మనిషిని నేను చూడలేదు. మెక్సికో నగరానికి ఉత్తరపు కొసన మా క్వాతెపెక్ వీధులు నిచ్చెనల్లా నిటారుగా లేస్తాయి. వాటిని ఎక్కగలిగేవి తాబేలు వీపులాంటి వోచో కార్లే. ఇంజను వెనక ఉంటుంది. ముందు సీటు ఒకటి పీకేసి ఉంటుంది. జనం వెనక సీట్లో ఇరుక్కుని, ఒళ్లో గ్యాస్ బండో రొట్టెల మూటో పెట్టుకుని కూర్చుంటారు. సగం ఎత్తులో ఎవరో దిగుతామంటారు. ఆపాలి, ఆపాక మళ్లీ కదలాలి. ఎవరి కాలు ఎలాంటిదో అక్కడే తెలిసిపోతుంది. అక్క ఆపి కదిలించినప్పుడు ఒళ్లో ఉన్న గుడ్ల అట్ట కూడా ఉలిక్కిపడేది కాదు.

ఆ టాక్సీ ఆమె తండ్రిది. ఆయన పోయాక తోలడానికి అన్నదమ్ములు లేరు. పొట్టి మనిషి, వీపు వెనక దిండు పెట్టుకుని తనే స్టాండుకి తెచ్చింది. నేనప్పుడు కొత్తగా చేరాను. మొదటిరోజు మావాళ్లు ఆమెకు వరసలో చోటివ్వలేదు. రొట్టెల పెనం అటుందమ్మా, దారి తప్పినట్టున్నావు అని ఒకాయన అన్నాడు. "పెనం మీద చెయ్యి కాల్చుకునే కన్నా క్లచ్ మీద కాలు నొప్పెట్టడం నయం బాబాయ్" అని అక్క వరస చివరికి వెళ్లి నిలబడింది. నెల తిరక్కుండా ఆ బాబాయే తన భార్యను ఆసుపత్రికి తీసుకెళ్లమని ఆమెనే పిలిచాడు.

ఎలిహియో బావ మెకానిక్కు. ఎత్తు మొదట్లో రేకుల షెడ్డు ఆయనది. తండ్రి కాలికి అలవాటైన పెడల్ అక్కకు అందక, నేలకంటా తొక్కాలంటే సీట్లోంచి జారిపోవాల్సి వచ్చి, ఆమె అక్కడికి వెళ్లింది. వోచోలో క్లచ్ వైరు చివర, బండి కింద, రెండు చెవులున్న నట్టు ఒకటుంటుంది. దాన్ని బిగిస్తే పెడల్ కాస్త తొక్కగానే క్లచ్ విడుతుంది, వదులు చేస్తే కిందిదాకా తొక్కాలి. బావ కిందకి దూరి తిప్పడం, బయటికొచ్చి తొక్కి చూడమనడం, మళ్లీ దూరడం. అలా పూట గడిచింది. మొదటిసారికే సరిపోయింది, నన్ను చూడ్డానికే మళ్లీ మళ్లీ లేచాడీయన అని పెళ్లయ్యాక అక్క అందరి ముందూ చెప్పేది. ఆయన కాదనేవాడు కాదు.

వాళ్లకు పిల్లలు కలగలేదు. పొద్దున అక్క బండి తీస్తే బావ షెడ్డు తెరిచేవాడు. మధ్యాహ్నం ఆమె కిందికొచ్చినప్పుడు ఇద్దరూ అరుగు మీద కూర్చుని చిక్కుళ్లూ రొట్టెలూ తిని, దేనికో ఒకదానికి పోట్లాడుకునేవాళ్లు. క్లచ్ విషయంలో మాత్రం బావ మాటే చెల్లేది. పెడల్ పని మొదలుపెట్టే ముందు వేలి మందం ఊరికే ఆడాలి, ఆ ఆట లేకుండా బిగించావంటే ప్లేట్లు సరిగా పట్టుకోక జారతాయి, జారితే కాలతాయి అని మాకందరికీ బోధించేవాడు. ఎవడైనా ఇంకాస్త బిగించమని అడిగితే బండి తీసుకుపొమ్మనేవాడు.

ఒక ఎండాకాలం అక్క పెడల్ బరువెక్కిందంది. బావ చూశాడు, ఏమీ కనబడలేదు. అయినా వైరు మార్చాడు. కొన్నాళ్లకు మళ్లీ అదే మాట. పెడల్ ఇరుసు విప్పి గ్రీజు పెట్టాడు. మళ్లీ అదే మాట.

"బండికేం కాలేదే. నీకు వయసొచ్చింది."

"నీకు రాలేదేం మరి? ఇద్దరం ఒకే ఏడు పుట్టాంగా."

ఆరోజు నేను నా బండి బ్రేకుల పని కోసం అక్కడే ఉన్నాను. అక్క నీళ్లు తాగడానికి లోపలికెళ్లింది. మెట్టెక్కుతుంటే ఎడమ పాదం అంచుకి తగిలింది, గోడ పట్టుకుని ఎక్కింది. బావ అది చూశాడు. బండి తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, పెడల్‌ని అరచేత్తో నొక్కాడు. వెన్నలా దిగింది. వదిలి మళ్లీ నొక్కాడు. ఆమె తడబడిన మెట్టు వైపు చూశాడు. అక్క వచ్చే అడుగుల చప్పుడు విని గబగబా బండి కిందకి దూరి నట్టు ఒక చుట్టు బిగించాడు. ఆమె ఎక్కి తొక్కి చూసి, ఇదీ పెడలంటే అంది.

అప్పట్నుంచి అడిగినప్పుడల్లా బిగిస్తూ వచ్చాడు. వేలి మందం ఆట సగమైంది, తర్వాత లేకుండా పోయింది. అక్క బండి ఎత్తెక్కుతుంటే ఇంజను అరిచేది, చక్రాలు మాత్రం బద్ధకంగా తిరిగేవి. కాలిన వాసన మా స్టాండు దాకా వచ్చేది. బావ ఇంజను దింపి కొత్త ప్లేటు వేసేవాడు. అదీ కాలేది. ఇంకోటి వేసేవాడు. మాకు అర్థమైంది. ఎవరూ నోరెత్తలేదు. ఒకసారి ఉండబట్టలేక, ఇదేం పని బావా అని అడిగాను. మాడిన ప్లేటు చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"ప్లేటుదేముందిరా. కాలితే ఇంకోటి దొరుకుద్ది" అన్నాడు.

చివరికి ఇద్దరూ పెద్దాసుపత్రికి వెళ్లారు. ఒక గదిలోంచి ఇంకో గదికి చాలా వారాలు తిప్పారు. కండలకు కబురు మోసే నరాలు ఎండిపోతున్నాయన్నారు. అది కాలితో ఆగదనీ, వెనక్కి తిప్పే మందు లేదనీ మంచి మాటల్లోనే చెప్పారు. బస్సులో తిరిగొస్తూ అక్క కిటికీలోంచే చూస్తూ కూర్చుందట. దిగేముందు ఒకటే అడిగిందట, రేపు వైరు ఇంకో చుట్టు బిగిస్తావా అని. బావ బిగించాడు.

ప్రమాదం సంత రోజు నీళ్ల ట్యాంకు దగ్గర ఎత్తులో జరిగింది. బండిలో ముగ్గురున్నారు. వాళ్లలో కసిల్దా అనే ముసలామె అక్కకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఒకాయన దిగడానికి ఆపింది. తలుపు పడ్డాక బ్రేకు వదిలి యాక్సిలరేటర్ తొక్కింది. ఇంజను గోలపెట్టింది కానీ క్లచ్ పట్టలేదు. బండి వెనక్కి జారడం మొదలైంది. కుడికాలు బ్రేకు మీదికి రావాలి, వెంటనే రాలేదు. ఆ కాలు కూడా మొండికేస్తోందని ఆమె ఎవరికీ చెప్పలేదు, బావకి కూడా. కింద రోడ్డు నిండా సంతకొచ్చిన జనం. అక్క స్టీరింగు విరిచి బండి వెనకభాగాన్ని గోడకి కొట్టించి ఆపింది.

కసిల్దా మణికట్టు విరిగింది. మిగతావాళ్లకు గీతలు. మేం పరిగెత్తి వెళ్లేసరికి అక్క రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టి, ఎవరికి తగిలింది, ఎవరికి తగిలింది అని అడుగుతూ ఉంది. దిగబోయింది కానీ కాళ్లు రాలేదు. ఇద్దరం చెరోపక్కా పట్టి దింపాం. బావ కిందనుంచి రొప్పుతూ వచ్చి, కసిల్దా చేతిని చూసి, రోడ్డు మధ్యన కూలబడ్డాడు.

"లే" అంది అక్క. "నేను బిగించమన్నాను, నువ్వు బిగించావు. అంతే. లే, జనం చూస్తున్నారు."

ఆయన లేవలేదు.

కసిల్దా చేతికి కట్టుతో వారానికే వాళ్లింటికొచ్చింది. తిట్టడానికి కాదు, సూప్ గిన్నె మనవరాలితో మోయించుకుని వచ్చింది. బావ ఆమె ముందుకు రాలేకపోయాడు. షెడ్డు వెనకే ఉండిపోయాడట.

అక్క తాళాలు గోడకి తగిలించింది. బండి యాదిరాకి ఇచ్చేస్తానంది. యాదిరా ఆమె పినతండ్రి కూతురు, పొడుగు మనిషి, భర్త వదిలేశాక ఆడపిల్లతో తనే బతుకు నెట్టుకొస్తోంది. బావ బండి వెనకభాగం సాపు చేశాడు, రంగు వేశాడు, కొత్త ప్లేటు వేశాడు. క్లచ్ వైరు మాత్రం ముట్టలేదు. నట్టు తుప్పు పట్టిందనేవాడు, స్పానరు కనబడలేదనేవాడు. యాదిరా వచ్చి వెళ్లిపోయేది.

ఒక సాయంత్రం అక్క తనను కుర్చీతో సహా షెడ్డులోకి తీసుకెళ్లమని నాతో చెప్పింది. బండి పక్కనే కూర్చోబెట్టాను. యాదిరాని ఎక్కమంది.

"ఏమయ్యా, కిందకి దూరు. నా కాలికి పెట్టింది విప్పేసి దీని కాలికి పెట్టు."

"రేపు చూద్దాంలే ఓతీ."

"ఇలాగే ఉంచితే రేపు ఇది కూడా ఆ ఎత్తులోంచి జారుద్ది. దానికి బిడ్డుంది. దూరు."

బావ వెల్లకిలా పడుకుని కిందకి జరిగాడు. మాకు ఆయన కాళ్లే కనబడుతున్నాయి. నట్టు కిర్రుమనడం వినబడింది. తొక్కమన్నాడు, యాదిరా తొక్కింది. మళ్లీ తిప్పాడు. వేలి మందం ఆడుతోంది బావా, సరిపోయింది అంది యాదిరా. కాళ్లు కదల్లేదు. కాసేపటికి ఆయన మడమలు నేలను రాయడం చూశాను. ఏడుపు శబ్దం రాకుండా ఆపుకుంటున్నాడు.

"మీరిద్దరూ వెళ్లి కాఫీ తాగిరండి" అంది అక్క.

మేం తాగి తిరిగొచ్చేసరికి బావ ఇంకా బండి కిందే ఉన్నాడు. అక్క కుర్చీలోంచి ఒక పక్కకు వాలి, ఇంకా మాట వింటున్న చేత్తో ఆయన చీలమండ పట్టుకుని ఉంది.

ఆ తర్వాత ఆమె మరో ఏడాది బతికింది. చేతులు పోయాయి, తర్వాత మాట పోయింది. బావ మొక్కజొన్న జావ పల్చగా కాచి చెంచాతో పోసేవాడు, మింగిందాకా గొంతు మీద వేళ్లు పెట్టి చూసేవాడు. వానలు మొదలైన వారంలో పోయింది. మా స్టాండు బళ్లన్నీ శవపేటిక వెనక వరసగా శ్మశానం ఎత్తు ఎక్కాయి.

షెడ్డు ఇంకా ఉంది. బావ బ్రేకులు చూస్తాడు, లైట్లు చూస్తాడు. క్లచ్ పని అంటే కింద వీధికి పొమ్మంటాడు. మొన్న ఆదివారం అరుగు మీద కూర్చున్నాం. ఉన్నట్టుండి బావ, నేను పెడల్ అరచేత్తో నొక్కి చూసిన రోజు నువ్వున్నావు గదరా అన్నాడు. ఉన్నానన్నాను.

"ఆరోజే చెప్పాల్సింది ఓతీకి, తేడా పెడల్‌లో లేదని."

"అక్కకి తెలుసు బావా."

"తెలుసులే" అన్నాడు. "అయినా నేను చెప్పాల్సింది."