రెండు పెట్టెలూ కుడివైపే

మా నెల్లిమర్లలో ఎవరింట హార్మోనియం కొన్నా, గుడిలో కొత్త గంట కట్టినా ముందు నా చెవిన పడాల్సిందే. నేను తలూపాకే మోగేది. గంట మాట కొంచెం ఎక్కువైంది. గంట గురించి నన్నెవరూ అడగలేదు, నేనే వెళ్లి చెప్పి వచ్చాను. హార్మోనియం మాట మాత్రం నిజం. మా నాన్న భజనల్లో హార్మోనియం వాయించేవారు. పెట్టె మా అన్నకు పోయింది, చెవి నాకు వచ్చింది. బడిపంతులుగా రిటైరయ్యాక నాకు మిగిలిన పరువల్లా ఆ చెవే.

అలాంటిది ఈమధ్య మా ఇంటి స్పీకర్లు మందగించాయి. ముఖ్యంగా ఎడమది. వయొలిన్ పెడితే పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టుంది. పింఛనులో ఒదిగే జత ఒకటి చూద్దామని మా ఆవిడను వెంటబెట్టుకుని విజయనగరం వెళ్లాను. ఆవిడ అన్నగారు, అంటే గజపతినగరంలో వరి పండించే మా బావ, బేరమాడతానని అక్కడికే దిగాడు.

షాపులో నలభై జతలు విన్నాను. సరే, మూడు.

మా బావ ఒక్కో పెట్టెనూ ధాన్యం బస్తాలా ఎత్తి చూశాడు. "బరువున్నాది బావా. లోన సరుకున్నట్టే."

షాపతను మొదటి జత మోగించాడు. నేను కళ్లు మూసుకున్నాను. చుట్టూ జనం మూగారు. జనమంటే మా బావే.

"ఎడం పెట్టె నీరసంగా ఉన్నాది," అన్నాను.

అతను వైర్లు అటూ ఇటూ మార్చాడు. "ఇప్పుడండీ, మాస్టారూ?"

"అదే వరస."

పెట్టెలే మార్చాడు. మళ్లీ ఎడమదే. రెండో జతలోనూ ఎడమదే. మూడో జతలోనూ అంతే.

"ఓర్నాయనో! కంపినీలోళ్లందరూ ఎడంపక్కే మోసం సేస్తన్నారేటి బావా?"

"అందుకే మడిసికి సెవుండాల," అన్నాను, మీసం దువ్వుతూ.

వెనక కూర్చున్న మా ఆవిడ లేచి వచ్చి, నేను కూర్చున్న తిరుగుడు కుర్చీని గిర్రున తిప్పింది. నా వీపు స్పీకర్లవైపుకు వచ్చింది.

"ఇప్పుడు సెప్పండి."

"అదిగో! ఎడమది బాగైపోనాది. రోగం కుడిదానికి అంటుకున్నాది!"

అనేశాక గాని నాకు వెలగలేదు. పెట్టెలు ఉన్నచోటే ఉన్నాయి. తిరిగింది నేను, నాతోపాటు నా ఎడమ చెవి.

మా బావకు తెలిస్తే సాయంత్రానికి గజపతినగరమంతా తెలుస్తుంది, మర్నాటికి మా వీధికి చేరుతుంది. శ్రీరామనవమి పందిట్లో ముందు వరస కుర్చీ పోయినట్టే.

"ఏటైనాదే అమ్మీ?" అన్నాడు బావ.

ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసింది. "ఏటీ లేదన్నయ్యా. ఈ మూడో జత బాగున్నాది. ఇదే కట్టీమను."

ఇంటికొచ్చాక నన్నడక్కుండా రెండు పెట్టెలనూ నా పడక్కుర్చీకి కుడిపక్కన ఒకదానిమీద ఒకటి పెట్టింది.

"పెట్టెల రోగం కుదిరినాదా?"

కుదిరింది. వయొలిన్ పక్కింటి నుంచి మా గదిలోకి వచ్చేసింది.

తర్వాతోసారి బావ వచ్చి, "రెండూ ఒకే పక్కనేటి బావా?" అన్నాడు. జర్మనీ పద్ధతి అన్నాను. జర్మనీ గురించి నాకు తెలిసింది ఆ పేరొక్కటే. బావ మాత్రం గంభీరంగా బుర్ర ఊపాడు.

పోయిన వారం గజపతినగరం వెళ్తే వాళ్ల ఇంట్లోనూ కొత్త స్పీకర్లు. రెండూ కుడివైపే, ఒకదానిమీద ఒకటి. వచ్చినవాళ్లందరికీ జర్మనీ పద్ధతి అని చెబుతున్నాడట. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎలా ఉన్నాయో చెప్పమన్నాడు. మా ఆవిడ వచ్చి నా ఎడమపక్కన కూర్చుంది. నేను కళ్లు మూసుకుని, కుడిచెవి ఒగ్గి, "దివ్యంగా ఉన్నాది బావా," అన్నాను.

అప్పుడు ఎడమపక్క నుంచి ఆవిడ ఏదో అన్నట్టుంది. కళ్లు తెరిచేసరికి మా బావ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏటన్నావే?" అని దారంతా అడిగాను. ఇంటికొచ్చీ అడిగాను.

"ఏటీ లేదు," అంటుంది, కుడిపక్కకొచ్చి మరీ.