బ్యాండ్ కోసం నేనిచ్చిన పిలుపు

నా జన్మలో ఒకే ఒక్కసారి ఈ వరంగల్ జనాన్ని కదిలించాలనుకున్నాను. కదిలించడం మాట దేవుడెరుగు, నా దెబ్బకు జనం గడప కూడా దాటలేదు. కిందటేడు జరిగిన ముచ్చట ఇది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మీతో కలిసి నవ్వే ఓపిక మాత్రం నాకు లేదు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా ఊళ్లో థండర్ బాయ్స్ అని ఒక రాక్ బ్యాండ్ ఉండేది. నలుగురు కుర్రాళ్లు. చర్చి హాల్లోనూ, కాలేజీ వార్షికోత్సవాల్లోనూ వాయించేవాళ్లు. గిటారు వాయిస్తూ పాడేది సాల్మనన్న. భుజాల దాకా జుట్టు, నడుస్తుంటే నేల ఊడ్చే ప్యాంటు. ఆయన ‘హే’ అని అరిస్తే హాలు కిటికీలూ నా గుండే ఒకేసారి అదిరేవి. ఆయనలా జుట్టు పెంచి మా నాయన చేత తన్నులు కూడా తిన్నాను. తర్వాత వాళ్లకు ఉద్యోగాలొచ్చాయి, పెళ్లిళ్లయ్యాయి, బ్యాండ్ అటకెక్కింది.

మళ్లీ ఇన్నేళ్లకు, కాశిబుగ్గలో నా కళ్లద్దాల దుకాణానికి ఒక బట్టతల పెద్దమనిషి వచ్చి, “దగ్గరి సూపు ఆనుతలేదు తమ్మీ” అన్నాడు. ఆ గొంతు వినగానే నా చేతిలోని ఫ్రేము జారి కింద పడింది.

“సాల్మనన్నా! ఒక్కసారి మళ్ల పాడరాదే!”

“ఎవలకు యాదికున్నం తమ్మీ? ఖాళీ కుర్సీలకు పాడాల్నా?”

“నువ్వు ఫికర్ చెయ్యకు. హాలు నింపే జిమ్మేదారి నాది.”

ఆయన ఒప్పుకోలేదు. నేను వదల్లేదు. వాళ్లింటికి తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకున్నాక ఒకరోజు మెత్తబడ్డాడు. “ఈ గొంతు ఇంక ఎన్నిరోజులుంటదో తెల్వది. ఈ ఊరికి మేము యాదికున్నమా లేదా, గదొక్కటి తెలిస్తె చాలు తమ్మీ” అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. హనుమకొండలో హాలు మాట్లాడేశాను.

ఇక జనాన్ని పిలవాలి. కళ్లద్దాలు అమ్ముకునేవాణ్ణి గనక నేను కళ్లద్దాలు పెట్టుకోను, అదొక దిక్కుమాలిన పౌరుషం. ఫోన్లో అక్షరాలు ఆనక, మైకు బొమ్మ నొక్కి నోటితోనే చెప్పాను: “ఆదివారం హనుమకొండల బ్యాండ్. అందరు దుకాణాలు మూసి సహకరించాలె.” నా నోట్లో బ్యాండ్ కాస్తా ‘బాండ్’ అయింది. ఫోను దాన్ని ‘బంద్’ అని రాసుకుంది. ఈ సంగతి మీకు ఇప్పుడే తెలిసిపోయింది. నాకు ఆదివారం సాయంత్రం దాకా తెలియలేదు. చదవకుండానే వ్యాపారుల గ్రూపు, కాలనీ గ్రూపు, పొద్దున నడిచేవాళ్ల గ్రూపు, అన్నింట్లోకీ తోసేశాను.

జవాబులు వానలా కురిశాయి. ‘సంపూర్ణ మద్దతు’ అని ఒకరు. పిడికిలి బొమ్మలు పెట్టినవాళ్లు బోలెడు మంది. రాక్ అభిమానులంటే ఇలా ఉండాలి అని పొంగిపోయాను. కాసేపటికి కిరాణా దుకాణం ఐలయ్య ఫోన్ చేశాడు.

“అన్నా, ఆదివారం పక్కానా?”

“పక్కా.”

“పొద్దటి నుంచేనా?”

“సురువయ్యేది సాయంత్రమే. గని పొద్దటి నుంచే మూసి పెట్టుకుంటె ఇంక మంచిది.”

“పెట్రోల్ బంకులోళ్లకు చెప్పినవా?”

“అందరికి చెప్పిన. ఒక్కరు గూడ తప్పొద్దు.”

“లొల్లి అయితదా అన్నా?”

“లొల్లి గాకపోతె మజా ఏముంటదిరా? చెవులు పగిలిపోవాలె!”

“వామ్మో! అయితె పోరగాండ్లను బయటకు ఎల్లనియ్య” అని ఠక్కున పెట్టేశాడు. పిల్లలకు ఇంగ్లీషు పాటలు పడవు కాబోలనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే కాశిబుగ్గ అంతా షటర్లు దిగి ఉన్నాయి. పాలబూత్ కూడా మూశారు. ఆ పాలబూత్ ఆయన రాక్ అభిమాని అని నాకు ఆనాటి దాకా తెలియదు.

“సూసినవా సరోజా, నా ఒక్క మాటకు ఎట్ల తయారైతాండ్రో!” అన్నాను మా ఆవిడతో.

“తయారైతాండ్రా, పండుకున్నరా? ఒక్క ఆటో లేదు, బస్సు లేదు. ఏదో తేడా ఉన్నదయ్యా.”

“నీకన్నీ అనుమానాలే” అని విసుక్కుని, సాయంత్రం ఆమెను స్కూటర్ ఎక్కించుకుని హనుమకొండ చేరాను. దారి పొడుగునా కుక్కలు రోడ్డు మధ్యలో నిద్రపోతున్నాయి.

హాల్లో కుర్చీలున్నాయి, మనుషులు లేరు. వేదిక మీద బ్యాండ్‌లోని మరో ఇద్దరి పక్కన సాల్మనన్న ఎండాకాలపు ఉక్కలో నల్ల తోలుకోటు తొడుక్కుని, చెమటలు కారుతుండగా స్పీకరు పెట్టి ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల ధర్మసాగర్ నుంచి డ్రమ్స్ వాయించే ప్రభుదాసు.

“బంద్ అట గదరా! తొవ్వల రాళ్లతోని కొడ్తరట. నా భార్య గేటుకు తాళమేసింది.”

“ఏం బంద్‌రా? ఎవలు పిలిచిండ్రు?”

“నాకేం ఎరుక? బంద్ అంటె బందే గదా!”

సరోజ నా జేబులోంచి ఫోను లాగి, తన కళ్లద్దాలు సవరించుకుని చదివింది. తర్వాత నన్ను చూసిన చూపు పగవాడికి కూడా వద్దు.

“బ్యాండ్ గాదు మహానుభావా. బంద్ పెట్టినవు.”

“మెల్లగ, మెల్లగ!”

“ఇనెతందుకు ఇంకెవలున్నరు?”

నిజమే, ఎవరూ లేరు. వేదిక మీదివాళ్లు ఇంకా ఫోన్లో అరుచుకుంటూనే ఉన్నారు, మా మాటలు వాళ్ల చెవిన పడలేదు. డ్రమ్స్ లేకుండానే ముగ్గురు ముసలివాళ్లు మొదలుపెట్టారు. అయ్యా, ఏం పాడాడు! గొంతు కాస్త బొంగురుపోయింది గానీ, ఆ ‘హే’ అలాగే ఉంది. ఊరంతా వినాల్సిన పాట నేను, సరోజ, వాచ్‌మన్ విన్నాం. అలవాటు కొద్దీ సాల్మనన్న పాట మధ్యలో మైకు జనం వైపు తిప్పాడు. నేనొక్కణ్ణే లేచి హాలు నిండా జనం ఉన్నట్టు అరిచాను. ఇంకా దరిద్రంగా వినపడింది. ఆయన మైకు దించేశాడు. అప్పుడే వాచ్‌మన్ దగ్గరికొచ్చి, “సార్, ఫ్యాన్లు బంద్ జెయ్యాల్నా?” అన్నాడు. నన్ను కూడా ఎవరన్నా బంద్ చేస్తే బాగుండుననిపించింది.

మర్నాడు పేపర్లో వార్త: ‘బంద్ ప్రశాంతం’. తమ పిలుపుకు స్పందించినందుకు రెండు పార్టీల వాళ్లు ప్రజలకు వేరువేరుగా కృతజ్ఞతలు చెప్పుకున్నారు. ఆ పేపరు పట్టుకుని సాల్మనన్న నా దుకాణానికి వచ్చాడు.

“సూసినవా తమ్మీ? ఎవడో మొకం గూడ సూపెట్టనోడు ఒక్క మాటంటె ఊరు ఊరంత ఇన్నది. మేము అన్నేండ్లు గొంతు చించుకున్నం, ఒక్కడు రాలే.”

“బంద్ ఉండె గదన్నా...”

“బంద్ ఒక సాకు. రావాలనుకున్నోడు నడిచన్న వస్తడు. నువ్వు రాలేదా?”

ఇక ఆగలేకపోయాను. “అన్నా, ఆ బంద్ పిలిచింది నేనే!”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. “నువ్వా? నువ్వు పిలుస్తె నీ దుకాణంకే గిరాకి రాదు. నువ్వు ఊరును ఆపినవా?”

“దేవుని తోడన్నా! ఇగో, సూడు!” అని ఫోను చూపించాను.

“ఇది నాకు గూడ మా అల్లుడు పంపిండు, నిన్న ఇంటికి పోయినంక సూసిన. అందరోలె నువ్వు గూడ పంపినవు, గంతే.” నా భుజం మీద చెయ్యి వేశాడు. “నన్ను ఊకుంచెతందుకు ఇంత అబద్ధం ఆడుతానవు. మంచోనివి తమ్మీ. యాదికిలేమని తెలిసింది గద, ఇగ ఫికరే లేదు.”

ఆ వారమే గిటారును చర్చిలో పాడే పిల్లలకు ఇచ్చేశాడు. నేను వెళ్లి ఎన్నిసార్లు మొత్తుకున్నా టీ తాగించి పంపిస్తాడు గానీ నమ్మడు. ఐలయ్య మాత్రం కనపడ్డప్పుడల్లా, “అన్నా, మళ్లెప్పుడు? ఆనాడు మంచిగ పండుకున్న” అంటాడు.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కంఠంలో ప్రాణముండగా ఈ ఊరికి నేను మరో పిలుపు ఇవ్వను. ఆ మాట నా నోట పలకను, ఫోన్లో అసలే పలకను. మొన్న మా అమ్మాయి పెళ్లి కుదిరింది. వియ్యంకుడు ఫోన్ చేసి, “బావా, పెండ్లికి బ్యాండ్ సంగతేంది?” అన్నాడు.

“సన్నాయి చాలు బావా” అన్నాను.