కాదనే వీలు

మొన్న తార్నాక మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కూరగాయల సంచి కింద పెట్టి ఊపిరి తీసుకుంటుంటే, పక్కనుంచి ఒక లేత గొంతు వినబడింది. "ఆంటీ, మే ఐ హెల్ప్ యూ?" కాలేజీ పిల్ల. చెయ్యి సంచిదాకా వచ్చి, పట్టుకోకుండా, నా జవాబు కోసం ఆగింది. నేను సరే అన్నాకే సంచి ముట్టుకుంది. పైదాకా తెచ్చిచ్చి తన దారిన తాను వెళ్లిపోయింది గానీ, ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. 'మే' దగ్గర కొంచెం సాగదీసి, చివర గొంతు పైకెత్తి, అచ్చం అట్లాగే ఆ మాటను యాభై ఏళ్ల కిందటెప్పుడో ఇక్కడే తార్నాకలో ఉండే ఒకామె నాకు నేర్పింది. ఆమెను మేమంతా శాంత మేడం అనేవాళ్లం.

అవి అరవైల చివరి రోజులు. మా నాన్నది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని, కాపురం క్వార్టర్స్‌లో. తెలుగు మీడియంలో చదివి యూనివర్సిటీలో బి.ఎ.లో చేరేసరికి పాఠాలన్నీ ఇంగ్లీషులో వచ్చి మీద పడ్డాయి. నాలాంటి వాళ్ల కోసం ఇంగ్లీషు లెక్చరర్ శాంత మేడం సాయంత్రాలు క్లాసు తీసుకునేవారు. మెదక్ వైపు పల్లెలో పుట్టిన క్రైస్తవుల బిడ్డ. పెళ్లి చేసుకోలేదు. అయినవాళ్లెవరూ మిగల్లేదు. తెలుగు మాట్లాడినా పుస్తకంలోంచి చదివినట్టే ఉండేది, ఒక్క పల్లె మాట దొర్లేది కాదు. మొదటి రోజే ఆమె చాక్‌పీసు ఎత్తి పట్టుకుని, "ఇది నీకు కావాలి. అడుగు" అన్నారు. నేను లేచి, "మేడం, గివ్ మీ చాక్‌పీస్" అన్నాను. ఆమె చెయ్యి వెనక దాచుకుని, "ఇవ్వను" అన్నారు. "ఎందుకియ్యరు మేడం? నేనేమన్న మింగుతనా?" అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆమె కూడా నవ్వి, "కుడ్ యూ ప్లీజ్" అని మొదలుపెట్టి ఎట్లా అడగాలో నాచేత పలికించారు.

నాకు నోరు ఊరుకోదు. ఏదైనా ఎందుకో తెలియకపోతే తిన్నది అరగదు. క్లాసు అయ్యాక ఆమె వెంటపడి, "గింత తిప్పి తిప్పి అడగాలెనా మేడం? మా అమ్మ పక్కింటామెను గోడ మీదికెల్లి 'వదినా, జర తోడు పెరుగియ్యి' అంటది, అయిపోతది" అన్నాను. మేడం నడక ఆపారు. "మీ అమ్మ వదినా అని పిలిచాక ఆమె ఇవ్వనని అనగలదా? ఆ పిలుపుతోనే కట్టేసింది కదా. ఇంగ్లీషులో కొత్తవాళ్లను వదినా అని పిలిచే వీల్లేదు. అందుకే ఎదుటి మనిషికి కాదనే వీలు వదిలిపెట్టి అడుగుతారు. అది కూడా ఒక మర్యాదే" అన్నారు. ఎన్ని గంటల పాఠం విన్నా రానిది ఆ నాలుగు మాటల్లో నా బుర్రలోకి దిగింది. నాకు అదొక పిచ్చి పట్టుకుంది. లైబ్రరీలో అడిగి చూశాను. ఎప్పుడూ చిటపటలాడే లైబ్రేరియన్ మారుమాట లేకుండా పుస్తకం తీసిచ్చాడు. బస్సు కండక్టరును అడిగితే "ఏంది బిడ్డా, దొరసాని లెక్క మాట్లాడుతున్నవ్" అని నవ్వాడు. ఇంట్లో కూడా, "అమ్మా, నీకు వీలైతే జర మంచినీళ్లు ఇయ్యగలవా?" అన్నాను. అమ్మ నీళ్లు ఇవ్వలేదు సరికదా, నుదుటి మీద చెయ్యి పెట్టి, "జరమొచ్చిందా ఏందే?" అంది.

సాయం చెయ్యడానికీ అదే పద్ధతి అని తర్వాత తెలిసింది. ఒకసారి వరండాలో మేడం చేతిలో పుస్తకాల సంచి బరువుగా కనబడితే, "తేండి మేడం" అని లాక్కోబోయాను. ఆమె ఒక్క గుంజు గుంజి వెనక్కి తీసుకున్నారు. "ముందు అడగాలి. నా బరువు నాది" అన్నారు. ముఖం మాడిపోయింది నాకు. మర్నాటి నుంచి ఆమె నేర్పినట్టే ముద్దుముద్దుగా "మే ఐ క్యారీ యువర్ బ్యాగ్, మేడం?" అని అడిగేదాన్ని. ప్రతిసారీ ఒకటే జవాబు: "నో, థాంక్యూ. ఐ కెన్ మేనేజ్." మేనేజ్ చెయ్యలేకపోతున్నారని మాత్రం మెల్లమెల్లగా నాకు కనబడుతూ వచ్చింది. మెట్లు దిగేటప్పుడు ముందు పాదంతో తడిమి చూసేవారు. పుస్తకం ముక్కుకు ఆనించి చదివేవారు. ఒకసారి తార్నాకలో వాళ్లింటికి వెళ్తే, కప్పులో పొయ్యబోయిన టీ సాసర్‌లోకి పోయింది. ఇక దాచలేక ఆమే చెప్పారు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదాంట్లో శుక్లం ముదిరింది. తొందరగా ఆపరేషన్ చేయించుకోకపోతే అదీ దక్కదని డాక్టరు చెప్పాడు. కన్ను పోతే ఉద్యోగమూ పోతుంది. "మరి చేయించుకోరా?" అన్నాను. ఆ రోజుల్లో ఆ ఆపరేషన్ తర్వాత కంటికి కట్టుతో, తల కదపకుండా రోజుల తరబడి పడుకోవాలి. పక్కన ఒక మనిషి ఉంటేనే ఆస్పత్రిలో చేర్చుకుంటారు. "వచ్చే ఏడు చూద్దాం" అని మాట మార్చేశారు.

నేను దారి పొడుగునా వాక్యం కూర్చుకుని, మర్నాడు క్లాసు కాగానే వెళ్లి అడిగాను. "మేడం, వుడ్ యూ లైక్ మీ టు స్టే విత్ యూ ఇన్ ద హాస్పిటల్?" ఒక్క తప్పు లేదు. మేడం కళ్లు చెమర్చాయి. "దట్స్ వెరీ కైండ్ ఆఫ్ యూ. నో, థాంక్యూ" అన్నారు. అంతే. ఇంటికి నడుస్తుంటే ముందు నా ఇంగ్లీషుకు నేనే మురిసిపోయాను, తర్వాత ఒళ్లు మండింది. కాదనే వీలు వదిలి అడగమని ఆమే నేర్పింది. నేను వదిలాను. ఆమె చక్కగా కాదంది. ఇట్లా నేను ఎంత మర్యాదగా అడిగితే ఆమె అంత మర్యాదగా గుడ్డిదైపోతుంది. ఆ ఆలోచన వచ్చాక నాకు అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున బట్టల మూట, అమ్మ కట్టిచ్చిన టిఫిన్ క్యారియర్ పట్టుకుని తార్నాక పోయాను. మేడం తలుపు తీసి, గొంతు గుర్తుపట్టడానికి చెవి ఒగ్గి నిలబడ్డారు. నేను అంతకు ముందెన్నడూ పిలవని పిలుపు పిలిచాను. "అక్కా, బట్టలు సదురుకో. రేపు దవాఖానకు పోతున్నం. అప్పటిదాంక నేను గీడనే ఉంట."

ఆమె ముఖం ఎర్రబడింది. "హూ ఆస్క్‌డ్ యూ?" అన్నారు.

"ఎవ్వరడగలే. నువ్వడగవని తెల్సే వచ్చిన."

లెక్చరర్‌ను పట్టుకుని నువ్వు అన్నాను. ఇక ఈమె జన్మలో నా ముఖం చూడదనుకున్నాను. నిజంగా భయమేసింది. ఆమె మాత్రం గడపలోంచి పక్కకు జరిగి దారి ఇచ్చారు. లోపలికి పోయి మంచం మీద కూలబడి, నేను ఎప్పుడూ వినని గొంతుతో అన్నారు. "పెట్టె మంచం కింద ఉన్నది. నాకు కనబడతలేదే. జర గుంజు."

ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ ఆమె నాతో ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. "నీళ్లియ్యే", "ఒత్తుకుంటున్నది, దిండు సక్కగ పెట్టు", అంతా వాళ్ల ఊరి మాటే. ప్లీజ్ లేదు, థాంక్యూ లేదు. నాకు అంతకంటే మర్యాద ఇంకెవరూ చెయ్యలేదు. కొన్ని వారాలకు సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి. అవి పెట్టుకుని నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని పరీక్షగా చూశారు. "గింత చిన్నపిల్లవానే నువ్వు? నీ నోరు ఇని ఎంత పెద్దదానివో అనుకున్న" అన్నారు. ఏడాదిగా నాకు చదువు చెప్పిన మనిషి నా ముఖం సరిగా చూడటం అదే మొదలు. ఇద్దరం నవ్వాం, ఆ నవ్వులోనే నేను ఏడ్చాను కూడా.

ఎవరినైనా ఏదైనా అడగవలసి వస్తే ఈనాటికీ నేను కాదనే వీలు వదిలే అడుగుతాను, నా కోడలినైనా సరే. ఇచ్చేటప్పుడు మాత్రం అట్లా కుదరదు. వద్దన్న మనిషిని ఒకసారి తేరిపార చూసుకుంటాను. కొందరు నిజంగానే వద్దన్నారు, నాలుగు తిట్టి పంపారు. పడ్డాను. మెట్టుగూడలో ఉండే నా స్నేహితురాలికి మోకాలి ఆపరేషన్ అయింది. పిల్లలు దగ్గర లేరు. ఫోన్ చేస్తే, "నాకేం ఇబ్బంది లేదు, నువ్వు రాకు" అంది. గొంతు విన్నాను. రేపు పొద్దున్నే పోతున్నాను.